మధ్యాహ్నానికి 3 కిలోలు జారుతున్న లోడ్ సెల్ ఆంప్లిఫయర్: ఎక్కడ వెతకాలి?

మామిడి_లైను | జూన్ 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బంగారుపాళెం వైపు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూస్తున్నాను. తోతాపురి సీజన్ మొదలైంది, రోజంతా లారీలే. రైతు లోడు తూకం బయట వేబ్రిడ్జి మీదే అవుతుంది. లోపల ఏరివేత బెల్టు దగ్గర ఒక ప్లాట్‌ఫాం కాటా ఉంది. కుళ్లిన కాయలు, పగిలిన కాయలు ట్రాలీలో వేసి దాని మీద తూస్తారు. ఆ తూకాన్నే రైతు లెక్కలో తరుగు కింద తీసేస్తారు. నా బాధంతా ఈ కాటాతోనే.

200 కిలోల లోడ్ సెల్ (బరువుని చిన్న వోల్టేజిగా మార్చే సెన్సర్), 2 మిల్లీవోల్ట్ పర్ వోల్ట్, 350 ఓమ్‌ల బ్రిడ్జి (దాని లోపలి నాలుగు రెసిస్టర్ల జోడింపు). 7805 రెగ్యులేటర్ చిప్ నుంచి 5 వోల్టులు ఇస్తున్నాం. ఎల్ఎం324తో (నాలుగు ఆప్‌ఆంప్‌లు, అంటే సిగ్నల్ పెంచే ఆంప్లిఫయర్లు, ఉండే చిప్) మూడు ఆప్‌ఆంప్‌ల ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్ (రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడాని పెంచేది), గెయిన్ (పెంచే రెట్లు) మొత్తం మొదటి దశలోనే 300, ఆ తర్వాత ట్రాన్సిస్టర్ పెట్టి 4-20 మిల్లీఆంప్‌ల కరెంటుగా మార్చి పీఎల్‌సీకి (లైను నడిపే కంట్రోలర్‌కి) పంపుతున్నాం. బోర్డు నాకంటే ముందున్నాయన చేసింది.

పొద్దున 7కి ఖాళీ ట్రాలీ పెట్టి సున్నా కొడతాం. మధ్యాహ్నం 3 అయ్యేసరికి అదే ఖాళీ ట్రాలీకి 2.5 నుంచి 3 కిలోల దాకా చూపిస్తుంది. పల్పర్ (గుజ్జు తీసే మెషీన్) మోటార్ డ్రైవ్ ఆన్ చేయగానే రీడింగ్ 4 కిలోలు కిందికి పడి, మోటార్ ఆపేదాకా అక్కడే ఉంటుంది. సాయంత్రం ఫ్లోర్ కడిగాక ఒక గంటా గంటన్నర నిదానంగా ఏటో పాకుతూ ఉంటుంది. నిన్న ఒక పెద్దాయన తరుగు చీటీ చేతిలో పట్టుకుని "ఇంత ఎట్లా పోయింది నాయనా" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులుగా నిద్ర లేదు. ఏం మార్చాలో చెప్పండి.

రేణిగుంట_బెంచి | జూన్ 9, రాత్రి 10:15

తమ్ముడూ, మొదట ఏమీ మార్చొద్దు. సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి కాగితం తీసుకో.

2 మిల్లీవోల్టులు ఇంటూ 5 వోల్టులు, అంటే 200 కిలోలకి 10 మిల్లీవోల్టులు. కిలోకి 50 మైక్రోవోల్టులు. నీ 3 కిలోల జారుడు అంటే ఇన్‌పుట్ దగ్గర 150 మైక్రోవోల్టులు. ఇకమీదట ఏ అనుమానం వచ్చినా కిలోల్లో కాకుండా మైక్రోవోల్టుల్లో ఆలోచించు.

ఎల్ఎం324 డేటాషీట్‌లో ఆఫ్‌సెట్ డ్రిఫ్ట్ (ఇన్‌పుట్ సున్నా ఉన్నా చిప్ చూపే తప్పు వోల్టేజి వేడికి మారడం) డిగ్రీకి మామూలుగా 7 మైక్రోవోల్టులు అని ఉంటుంది. ఈ ఎండల్లో నీ ప్యానెల్ లోపల పొద్దున 28 డిగ్రీలుంటే మధ్యాహ్నం 48 ఉండదా? 20 డిగ్రీలకి 140 మైక్రోవోల్టులు. 2.8 కిలోలు. నువ్వు చెప్పిన లెక్కకి సరిపోతోంది కదా.

పాత_సోల్డర్ | జూన్ 9, రాత్రి 10:52

లెక్క సరిపోయినంత మాత్రాన దొంగ దొరికినట్టు కాదు. మొదటి దశలో ఆంప్‌లు రెండు, ఒకే చిప్‌లో ఉన్నాయి. రెండూ ఒకే దిక్కుకి జారితే తేడా తక్కువ, చెరో దిక్కుకి జారితే రెట్టింపు. 7 అనేది సగటు అంకె, నీ చిప్ అంకె కాదు. కొలిచి చూడాలి.

ముందు తేల్చుకోవాల్సింది సున్నా జారుతోందా, వాలు (కిలోకి ఎంత పెరగాలన్నది) మారుతోందా అని. పొద్దున ఖాళీగా ఒక రీడింగ్, 20 కిలోల రాయి పెట్టి ఒక రీడింగ్ రాసుకో. మధ్యాహ్నం మళ్లీ అవే రెండూ. రెండిటి మధ్య తేడా పొద్దున 20 ఉండి మధ్యాహ్నం కూడా 20 ఉంటే జారేది సున్నా. అప్పుడు ఆఫ్‌సెట్, లీకేజీ, కనెక్టర్ల వైపు చూడాలి. 20 కాస్తా 20.3 అయితే గెయిన్ రెసిస్టర్లైనా, బ్రిడ్జికిచ్చే 5 వోల్టులైనా మారుతున్నట్టు. ఈ ఒక్క పరీక్షతో సగం బోర్డు మీద అనుమానం పోతుంది.

పలమనేరు_కాటా | జూన్ 10, ఉదయం 6:30

నేను కాటాల రిపేరు చేసేవాణ్ణి, సర్క్యూట్ లెక్కలు అంతగా రావు. కానీ కడిగిన తర్వాత పాకడం అన్నారే, అది చాలా చోట్ల చూశాను. ప్లాట్‌ఫాం కింద జంక్షన్ బాక్స్ ఉంటుంది చూడండి, దాని మూత తీయండి. కేబుల్ గ్లాండ్ (కేబుల్ లోపలికి పోయే చోట బిగించే బిరడా) వదులై నీళ్లు పోయి ఉంటాయి. పాల డైరీల్లోనూ ఇదే కథ.

ఇంకో మాట. ఆ తూకంతో రైతు డబ్బులో కోత పడుతుందంటే అది లోపలి కాటా కాదండీ, వ్యాపారపు కాటానే. దానికీ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. బోర్డు మార్చాక మళ్లీ ముద్ర వేయించాలి. ఈ మాట మీ మేనేజర్‌కి ఇప్పుడే చెప్పి పెట్టండి.

మామిడి_లైను | జూన్ 10, రాత్రి 8:20

పాత_సోల్డర్ సార్ చెప్పినట్టే చేశాను. పొద్దున ఖాళీ 0.0, రాయితో 20.0. మధ్యాహ్నం 3:10కి ఖాళీ 2.7, రాయితో 22.7. సున్నానే జారుతోంది.

ముద్ర సంగతి మేనేజర్‌కి చెప్పాను. అప్పటిదాకా తరుగు కూడా వేబ్రిడ్జి మీదే తూయమని అడిగాను, ఒప్పుకున్నారు. పనివాళ్లకి నడక ఎక్కువైంది గానీ నాకు మనసు కుదుటపడింది.

ఇంకొకటి. రాళ్లు చేతిలో ఉన్నాయి కదా అని 20, 40, 60 అలా పెంచుకుంటూ పోయాను. 100 దాకా బాగానే ఉంది. 120 పెడితే 101 చూపించింది. 140కీ 101. ప్లాట్‌ఫాం, ట్రాలీ కలిపి 33 కిలోలు ఉంటాయి. లోడ్ సెల్ పోయిందా?

తిరుచానూరు_లేఅవుట్ | జూన్ 10, రాత్రి 9:05

లోడ్ సెల్ పోలేదు తమ్ముడూ. ఎల్ఎం324 సప్లై ఎంత? అదే 5 వోల్టులేనా?

మామిడి_లైను | జూన్ 10, రాత్రి 9:09

అవునక్కా, అదే 7805.

తిరుచానూరు_లేఅవుట్ | జూన్ 10, రాత్రి 9:46

అయితే ఇదిగో చూడు. బ్రిడ్జి రెండు అవుట్‌పుట్‌లూ 2.5 వోల్టుల దగ్గర కూర్చుంటాయి. మొదటి దశ వాటి తేడాని మాత్రమే 300 రెట్లు చేస్తుంది, 2.5 మాత్రం అలాగే ఉంటుంది. 10 మిల్లీవోల్టులకి తేడా 3 వోల్టులు. అంటే ఒక ఆంప్ 1.5 పైకి, ఇంకోటి 1.5 కిందికి. పైదాని అవుట్‌పుట్ 4 వోల్టులకి పోవాలి. కానీ ఎల్ఎం324 అవుట్‌పుట్ సప్లై కంటే దాదాపు 1.5 వోల్టులు కిందే ఆగిపోతుంది. నీకు 3.5 దాటదు.

3.5 అంటే తేడా 2 వోల్టుల దగ్గర ఆట ఆగింది. 2 బై 300, ఇన్‌పుట్‌లో 6.67 మిల్లీవోల్టులు, 133 కిలోలు. దాంట్లో నీ 33 తీసేస్తే 100. ఆఫ్‌సెట్ వల్ల ఒక్కో బోర్డులో అటూ ఇటూ జరుగుతుంది గానీ నీ రాళ్లు సరిగ్గా అదే చెబుతున్నాయి. ఒక ఆంప్ అతుక్కుపోయాక రెండోదానికి కూడా కదలిక ఉండదు, అందుకే 120కీ 140కీ ఒకటే అంకె. మల్టీమీటర్‌తో ఎల్ఎం324 మొదటి రెండు అవుట్‌పుట్‌లు విడివిడిగా గ్రౌండ్‌కి కొలువు, కనిపిస్తుంది.

చివరి అవుట్‌పుట్ మాత్రమే చూసేవాళ్లకి ఇది ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే అక్కడ 2 వోల్టులే ఉంటాయి, అంతా బాగున్నట్టే ఉంటుంది. మా ఆఫీసులో ఏ స్కీమాటిక్ రివ్యూ చేసినా మధ్య దశల్లో ప్రతి నోడ్ దగ్గరా కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత అని పెన్సిల్‌తో రాయమంటాను. పిల్లలు విసుక్కుంటారు, అయినా రాయిస్తాను.

రేణిగుంట_బెంచి | జూన్ 10, రాత్రి 10:02

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను డ్రిఫ్ట్ వెంట పడి ఇది అడగనే లేదు.

తమ్ముడూ, ఇప్పుడు ఆంప్లిఫయర్‌ని సెల్ నుంచి విడదీసి పరీక్షించు. 330 ఓమ్‌ల రెసిస్టర్లు నాలుగు తీసుకుని ఉత్తుత్తి బ్రిడ్జి కట్టి, బోర్డు మీద హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి కొట్టి చూడు.

పాత_సోల్డర్ | జూన్ 10, రాత్రి 10:30

నాలుగు రెసిస్టర్ల బ్రిడ్జి వద్దు. 1 శాతం రెసిస్టర్లలో ఒక్కటి 1 శాతం తేడా ఉన్నా 5 వోల్టుల మీద 12 మిల్లీవోల్టుల పైన వస్తుంది. మన ఫుల్ స్కేలే 10. ఆంప్లిఫయర్ అక్కడే అతుక్కుపోతుంది.

రెండు రెసిస్టర్లు చాలు. 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య సిరీస్‌లో పెట్టి, మధ్య బిందువుకి రెండు ఇన్‌పుట్‌లూ కలిపి కట్టెయ్. తేడా అచ్చంగా సున్నా, కామన్ మోడ్ (రెండిటికీ ఉమ్మడిగా ఉండే వోల్టేజి) 2.5. ఇక కనిపించే కదలికంతా ఆంప్లిఫయర్ సొంతం. అవుట్‌పుట్ సున్నా కంటే కిందికి పోలేదు కాబట్టి ట్రిమ్‌పాట్‌తో (స్క్రూ తిప్పి సరిచేసే రెసిస్టర్) ముందు అర వోల్టు పైకి లేపుకో, లేకపోతే కిందికి జారేది నీకు కనపడదు.

మామిడి_లైను | జూన్ 11, మధ్యాహ్నం 2:35

చేశాను సార్. డ్రయ్యర్ పెట్టిన 3 నిమిషాల్లో 2.2 కిలోలు ఎక్కింది. తీసేస్తే పది నిమిషాలకి వెనక్కి వచ్చింది. చిప్ మీద కాగితం మడిచి అడ్డం పెట్టి రెసిస్టర్ల మీదే గాలి కొడితే 0.3 మాత్రమే. దొంగ చిప్పే.

పాత_సోల్డర్ | జూన్ 11, మధ్యాహ్నం 3:20

కాగితం అడ్డం పెట్టడం బాగా చేశావు. ఆ 0.3 ఎక్కడిదో కూడా చెబుతాను. డిఫరెన్స్ దశలో (మొదటి దశ రెండు అవుట్‌పుట్‌ల తేడా తీసే దశ) 1 శాతం రెసిస్టర్లు పెట్టి ఉంటారు. నాలుగూ గిట్టని దిక్కుల్లో తేడా పడితే ఆ దశ కామన్ మోడ్ రిజెక్షన్ (ఉమ్మడి వోల్టేజిని అణచడం) 50 రెట్లే. ముందు గెయిన్ 300 ఉంది కాబట్టి మొత్తం 15,000. 2.5 వోల్టులని 15,000తో భాగిస్తే 167 మైక్రోవోల్టులు, అంటే 3.3 కిలోలు. ఇది స్థిరంగా ఉన్నంతసేపు ట్రిమ్‌పాట్ మింగేస్తుంది. రెసిస్టర్లు వేడెక్కి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ మారినప్పుడు అందులో కొంత బయటికొస్తుంది.

మామిడి_లైను | జూన్ 11, సాయంత్రం 4:05

మరి చిప్ ఏది పెట్టమంటారు? హెచ్ఎక్స్711 పెడితే అయిపోతుంది అని మా ఫ్రెండ్ అంటున్నాడు.

రేణిగుంట_బెంచి | జూన్ 11, రాత్రి 8:50

హెచ్ఎక్స్711 మంచి చిప్పే. 24 బిట్‌లు, గెయిన్ 128, బ్రిడ్జికిచ్చే వోల్టేజినే రిఫరెన్స్‌గా వాడుకుంటుంది కాబట్టి 5 వోల్టులు కాస్త మారినా రీడింగ్ మారదు. కొత్త కాటా అయితే నేనూ అదే అనేవాణ్ణి. కానీ నీ పీఎల్‌సీకి 4-20 కావాలి. దాని కోసం మధ్యలో మైక్రోకంట్రోలర్, ప్రోగ్రాం, మళ్లీ డీఏసీ (అంకెని వోల్టేజిగా మార్చే చిప్). సీజన్ మధ్యలో అంత పని వద్దు.

ఐఎన్ఏ333 పెట్టు. మూడు ఆంప్‌లూ లోపలే, రెసిస్టర్లు ఫ్యాక్టరీలోనే ట్రిమ్ చేసి ఉంటాయి. గరిష్ఠ ఆఫ్‌సెట్ 25 మైక్రోవోల్టుల ప్రాంతంలో, డ్రిఫ్ట్ డిగ్రీకి 0.1 లోపే. 20 డిగ్రీలకి 2 మైక్రోవోల్టులు, 40 గ్రాములు. అవుట్‌పుట్ రెండు వైపులా సప్లై అంచుల దాకా పోతుంది, కాబట్టి 5 వోల్టుల మీదే నీ 4 వోల్టుల సమస్య కూడా పోతుంది. గెయిన్ 1 ప్లస్ 100 కే బై ఆర్‌జీ (బయట పెట్టే గెయిన్ రెసిస్టర్). 332 ఓమ్‌లు పెడితే 302. సప్లై మాత్రం 5.5 దాటకూడదు, 12 వోల్టులు తగిలిందంటే అయిపోతుంది.

ఎంఎస్ఓపీ-8 ప్యాకేజీ, కాళ్ల మధ్య 0.65 మిల్లీమీటర్లే. అడాప్టర్ బోర్డు కూడా తెప్పించుకో. ఆన్‌లైన్‌లో ఆలస్యమైతే చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కి ఒక పూట పోయి రా.

తిరుచానూరు_లేఅవుట్ | జూన్ 11, రాత్రి 9:30

ఒక్క జాగ్రత్త. ఐఎన్ఏ333 రిఫరెన్స్ పిన్‌కి (అవుట్‌పుట్ సున్నా ఎక్కడుండాలో చెప్పే కాలు) ట్రిమ్‌పాట్ మధ్య కాలు నేరుగా కట్టొద్దు. ఆ పిన్ లోపల డిఫరెన్స్ దశ రెసిస్టర్ ఉంది. బయట నువ్వు కిలో ఓమ్‌లు చేర్చావంటే వాళ్లు ట్రిమ్ చేసిన సమతూకం చెడి, కామన్ మోడ్ రిజెక్షన్ మొత్తం పోతుంది. ట్రిమ్‌పాట్ తర్వాత ఒక బఫర్ (వోల్టేజిని అలాగే అందించే ఆంప్) పెట్టు.

ఆ బఫర్‌కి నీ పాత ఎల్ఎం324 చాలు, పారేయక్కర్లేదు. అదే 7 మైక్రోవోల్టుల డ్రిఫ్ట్ ఇప్పుడు 300 రెట్ల గెయిన్ తర్వాత వస్తోంది, ఇన్‌పుట్ లెక్కలో 300తో భాగించుకో. ఏమీ కాదు. చిప్ చెడ్డది కాదు, దాన్ని కూర్చోబెట్టిన చోటు తప్పు.

రేణిగుంట_బెంచి | జూన్ 11, రాత్రి 9:48

గ్రౌండ్ కూడా చూడాలి కదక్కా. అర మిల్లీమీటర్ వెడల్పు, 50 మిల్లీమీటర్ల పొడవు ట్రాక్ అంటే 100 చదరాలు, సుమారు 50 మిల్లీఓమ్‌లు. 4-20 కరెంటు దాంట్లో తిరిగొస్తే 1 మిల్లీవోల్టు. అది 20 కిలోలు! అనలాగ్ గ్రౌండ్, అవుట్‌పుట్ గ్రౌండ్ రెండుగా చీల్చేస్తే మేలనుకుంటా.

తిరుచానూరు_లేఅవుట్ | జూన్ 11, రాత్రి 10:20

ఆ 1 మిల్లీవోల్టు ఎక్కడ కలుస్తోందో చూడు ముందు. రిఫరెన్స్ పిన్ వైపు కలిస్తే అది గెయిన్ తర్వాత. 300తో భాగిస్తే 3.3 మైక్రోవోల్టులు, 67 గ్రాములు. బ్రిడ్జి గ్రౌండ్ వైపు కలిస్తే రెండు ఇన్‌పుట్‌లకీ సమానంగా వెళ్తుంది, ఎక్సైటేషన్ (బ్రిడ్జికిచ్చే వోల్టేజి) మాత్రం 5 వోల్టుల్లో 1 మిల్లీవోల్టు మారుతుంది. 20 కిలోలు అయ్యేది ఒక ఇన్‌పుట్ వైరులో మాత్రమే ఆ కరెంటు పారితే. అలా ఎవరూ గీయరు.

చీల్చడం వద్దే వద్దు. చీలిక మీదుగా ఏదో ఒక సిగ్నల్ దాటాల్సి వస్తుంది, దాని తిరుగు కరెంటు చుట్టూ తిరిగి వస్తుంది, ఆ చుట్టు యాంటెన్నా అవుతుంది. కింద ఒకటే గ్రౌండ్ ప్లేన్ (గ్రౌండ్‌గా పరిచిన రాగి పొర) ఉంచి, 4-20 దశని కనెక్టర్ పక్కన ఒక మూలకి, ఇన్‌పుట్ దశని ఇంకో మూలకి పెడితే కరెంట్లు వాటి దారిన అవే పోతాయి. నేనూ కొత్తలో చీల్చినదాన్నే, రెండు బోర్డులు మళ్లీ చేయించాల్సి వచ్చింది.

రేణిగుంట_బెంచి | జూన్ 11, రాత్రి 10:31

సరే అక్కా, ఎక్కడ కలుస్తుందో చూడకుండా గుణించేశాను. ఒప్పుకుంటున్నా.

పలమనేరు_కాటా | జూన్ 12, ఉదయం 7:00

జంక్షన్ బాక్స్ తీశారా?

మామిడి_లైను | జూన్ 12, రాత్రి 9:15

తీశానండీ. మూత విప్పగానే పులిసిన మామిడి వాసన. లోపల టెర్మినళ్ల మధ్య తేనెరంగు జిగురు, వేలు పెడితే అంటుకుంటోంది. 5 వోల్టుల టెర్మినల్, సిగ్నల్ ప్లస్ టెర్మినల్ పక్కపక్కనే ఉన్నాయి, వాటి మధ్యే ఎక్కువ. వైర్లు విప్పి మీటర్ పెడితే 8 మెగాఓమ్‌లు, నోటితో ఆవిరి ఊదితే 3కి పడిపోయింది.

పాత_సోల్డర్ | జూన్ 12, రాత్రి 9:50

350 ఓమ్‌ల బ్రిడ్జికి మెగాఓమ్‌ల లీకేజీ ఏం చేస్తుందిలే అని చాలామంది వదిలేస్తారు. లెక్క వేద్దాం. బ్రిడ్జి అవుట్‌పుట్ కాలు దగ్గర కనిపించే రెసిస్టెన్స్ 175 ఓమ్‌లు. 5 వోల్టుల నుంచి 2.5 దగ్గరున్న కాలికి 10 మెగాఓమ్‌ల దారి ఉంటే 0.25 మైక్రోఆంప్ పారుతుంది. 175తో గుణిస్తే 44 మైక్రోవోల్టులు. దాదాపు 900 గ్రాములు. నీ 3 మెగాఓమ్‌లకి మూడు కిలోలు దగ్గరపడుతుంది. కడిగాక తడికి పెరిగి, ఆరేకొద్దీ తగ్గుతుంది. నువ్వు చెప్పిన పాకుడు ఇదే.

గోరువెచ్చని నీళ్లతో ముందు చక్కెర వదిలించు. ఐపీఏకి (ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి) చక్కెర సరిగ్గా కరగదు, అది నీళ్ల తర్వాత. మెత్తని బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరబెట్టు. వీలైతే 5 వోల్టులకీ సిగ్నల్‌కీ మధ్య ఒక టెర్మినల్ ఖాళీగా వదిలెయ్.

తిరుచానూరు_లేఅవుట్ | జూన్ 12, రాత్రి 10:25

ఇక మిగిలింది డ్రైవ్. రీడింగ్ వణకడం కాదు, సగటే 4 కిలోలు కిందికి పోతోంది అన్నావు కదా. అది ఫిల్టర్ టైం పెంచితే పోయేది కాదు. డ్రైవ్ స్విచింగ్ అంచుల్లోని హై ఫ్రీక్వెన్సీ ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ల దగ్గరే రెక్టిఫై అయి డీసీగా మారుతోంది. డీసీ అయ్యాక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని గుర్తుపట్టలేదు. చిప్ లోపలికి రాకముందే ఆపాలి.

ఐఎన్ఏ333 ఇన్‌పుట్‌లకి చెరో 1 కిలోఓమ్, రెండిటి మధ్య 10 నానోఫారడ్, ఒక్కో ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 1 నానోఫారడ్. మధ్యది పక్కవాటి కంటే పదిరెట్లు ఉండాలి, లేకపోతే పక్క కెపాసిటర్ల మధ్య తేడా కామన్ మోడ్ నాయిస్‌ని సిగ్నల్‌గా మార్చేస్తుంది. తేడా సిగ్నల్‌కి కటాఫ్ (ఆపై ఫ్రీక్వెన్సీలు తగ్గిపోయే హద్దు) 7.5 కిలోహెర్ట్జ్ దగ్గర, కామన్ మోడ్‌కి 160 దగ్గర వస్తాయి. సీ0జీ రకం (వేడికి విలువ దాదాపు మారని) కెపాసిటర్లే వాడు. చిప్ కాళ్లకి ఆనించి పెట్టు.

ఎల్ఎం324 మీదే ఇది పెట్టి ఉంటే దాని 45 నానోఆంప్ బయాస్ కరెంటు (ఇన్‌పుట్ కాళ్లలో పారే చిన్న కరెంటు) 1 కిలోఓమ్‌లో 45 మైక్రోవోల్టులు చేసేది. రెండు వైపులా చాలావరకు రద్దవుతుంది గానీ మిగిలేది కూడా వేడికి మారుతుంది. అందుకే చిప్ మార్చాకే ఫిల్టర్.

లోడ్ సెల్ కేబుల్ మోటార్ కేబుల్‌తో ఒకే ట్రేలో పోతోందా?

మామిడి_లైను | జూన్ 13, ఉదయం 6:10

పోతోందక్కా. సుమారు 12 మీటర్లు పక్కపక్కనే. ఆదివారం లైను ఆపుతారు, ఆరోజు వేరు చేస్తాను.

మామిడి_లైను | జూన్ 17, రాత్రి 10:40

నాలుగు రోజుల పని ఒకేసారి రాస్తున్నాను. శనివారం రిచీ స్ట్రీట్ నుంచి చిప్‌లు, అడాప్టర్ బోర్డులు తెచ్చాను. మొదటిది సోల్డర్ చేసేటప్పుడు రెండు కాళ్లు కలిసిపోయి పాడైంది, రెండోది ఫ్లక్స్ బాగా వేసి పెడితే కుదిరింది. రిఫరెన్స్‌కి ఎల్ఎం324 బఫర్. రెండు ఇన్‌పుట్‌లూ కలిపి కట్టి డ్రయ్యర్ 5 నిమిషాలు కొట్టాను. అంకె కదల్లేదు. నమ్మకం కుదరక ఇంకో 5 నిమిషాలు కొట్టాను.

ఫిల్టర్ పెట్టాక డ్రైవ్ ఆన్ చేస్తే 4 కిలోల పడిపోవడం కాస్తా 150 గ్రాములైంది. ఆదివారం కేబుల్ ట్రే నుంచి తీసి గోడ వైపు పైపులో వేశాను, మోటార్ కేబుల్‌ని ఒక్కచోట అడ్డంగా దాటుతుంది. షీల్డ్ ప్యానెల్ వైపే ఎర్త్ చేశాను. ఇప్పుడు పల్పర్ నడుస్తోందో లేదో కాటా చూసి చెప్పలేం. 20 కిలోల రాళ్లు ఎనిమిది పేర్చాను. 160కి 160.0. మల్టీమీటర్‌తో పాత బోర్డు మొదటి అవుట్‌పుట్ కూడా 140 కిలోల దగ్గర కొలిచాను, 3.52 వోల్టులు. అక్క చెప్పిన చోటే ఆగి ఉంది.

ఈరోజు మధ్యాహ్నం 3కి ఖాళీ ట్రాలీ 0.1. సాయంత్రం కడిగాక కూడా 0.1. ముద్ర కోసం దరఖాస్తు పెట్టారు, వాళ్లు వచ్చి వేసేదాకా తరుగు వేబ్రిడ్జి మీదే.

పలమనేరు_కాటా | జూన్ 18, ఉదయం 6:45

చాలా సంతోషం. బాక్స్‌కి గ్లాండ్ మార్చారా, పాతదే బిగించారా? పాతదైతే నెలకి మళ్లీ వదులవుతుంది.

మామిడి_లైను | జూన్ 18, ఉదయం 7:20

మార్చానండీ. కేబుల్ 5 మిల్లీమీటర్లు, పాత గ్లాండ్ పెద్దది, అందుకే చుట్టూ సందు ఉండేది. పీజీ7 వేశాను. బాక్స్‌ని తిప్పి కేబుల్ కింది నుంచి లోపలికి వచ్చేట్టు కట్టాను, నీళ్లు కేబుల్ వెంట జారి లోపలికి పోకుండా.

పలమనేరు_కాటా | జూన్ 18, ఉదయం 7:31

ఆ తిప్పడం మంచి పని. మిగతా రెండు లైన్ల బాక్సులు కూడా అలాగే తిప్పేయండి, వాటి గ్లాండ్లూ ఒకసారి చూడండి.

మామిడి_లైను | జూన్ 18, ఉదయం 7:34

ఈ ఆదివారం రెండో లైను విప్పుతున్నాను.